పూజలో పెట్టని పలకలు

నాకు మరుపు తక్కువ. ఎవరు నన్ను కూర్చోమనలేదో, ఎవరి పేరుకు ముందు రాయాల్సిన నా పేరును వెనక రాశారో అన్నీ గుర్తే. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. జీవితమంతా తనిఖీ పని చేసినవాడికి ఇది పనిముట్టు అంటాను నేను. ఈ విషయంలో మేమిద్దరం ఇంతవరకు రాజీకి రాలేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, పాత రోజుల సంగతి ఏదైనా రాయమని అడిగారు. నా తోటివాళ్లు తమకు దక్కిన మెచ్చుకోళ్ల గురించి రాస్తారు. నాకు దక్కలేదు కాబట్టి హిందూపురంలో నేను చేసిన పని గురించి రాస్తాను. అది కూడా ఒక అవమానంతోనే మొదలవుతుంది.

మాది పరీక్షా రియాక్టర్. కరెంటు తయారు చేసేది కాదు. కొత్త ఇంధనాన్ని, లోహాలను లోపల పెట్టి అవి ఎట్లా తట్టుకుంటాయో చూడటానికి కట్టింది. రాష్ట్రం దాటి చాలా దూరంలో ఉండేది. గుజరాత్‌లో భూమి కంపించి ఊళ్లు కూలిన తర్వాత మా పెద్దలు పాత లెక్కలన్నీ తిరగేశారు. భవనం గట్టిదే. లోపలున్న వస్తువుల సంగతే అనుమానం. రియాక్టర్‌ను ఆపే మీటల బీరువాలు, చల్లార్చే నీటి పంపులు, కరెంటు పోతే ఆదుకోవాల్సిన బ్యాటరీల అరలు, ఇవన్నీ ఇంట్లో గోద్రెజ్ బీరువా నిలబెట్టినట్టు నిలబెట్టి ఉన్నాయి. నేల ఊగితే ముందుగా అవే పడతాయి. ఆపద వచ్చినప్పుడు ఆదుకోవాల్సినవే పడిపోతే ఇక భవనం నిలిచి ప్రయోజనం లేదు. అందుకని వాటి చుట్టూ ఉక్కు ఫ్రేములు వేసి నేలకు, గోడకు బిగించాలని తీర్మానించారు.

ఆ ఫ్రేములు తయారు చేసే పని హిందూపురం పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాపుకు దక్కింది. అక్కడ కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. అదే సమయంలో బొంబాయిలో ఒక శిక్షణకు కూడా ఒక మనిషి కావాలి. శిక్షణకు వెళ్లినవాడికి తిరిగి రాగానే ప్రమోషన్. నాకంటే వెనక చేరినవాడు బొంబాయి వెళ్లాడు. నేను హిందూపురం వెళ్లాను.

“ధర్మవరం మీ ఊరే కదా. ఇంటి పక్కకే పంపిస్తున్నాను, సంతోషించాలి మీరు” అన్నాడు మా పెద్ద ఇంజనీరు.

క్యాంటీన్ పప్పు గురించి నేను పై ఆఫీసుకు రాసిన సంగతి ఆయన మరచిపోలేదని నాకు అర్థమైంది. మరుపు లేనిది నాకొక్కడికే కాదు. కానీ ఆయనది పెద్ద పదవి కాబట్టి దాన్ని జ్ఞాపకశక్తి అంటారు.

అప్పటికి మా ఆవిడ పెనుకొండ బడిలో టీచరు. కాబట్టి ఇల్లు పెనుకొండలో, పని హిందూపురంలో. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు.

వర్క్‌షాపు రేకుల షెడ్డు. అంతకుముందు వాళ్లు పట్టు దారం తీసే యంత్రాలకు విడిభాగాలు, నీళ్ల ట్యాంకులు, ఇనుప గేట్లు చేసేవాళ్లు. ఓనరు హిందూపురం మనిషి. ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో దింపేవాడు. షెడ్డును నడిపేది మాత్రం మేస్త్రి. పెనుకొండ సాయిబు, యాభై దాటిన మనిషి. వాళ్ల నాయన పెనుకొండ రోడ్డు పక్కన ఎద్దులకు లాడాలు కొట్టేవాడట. ఈయన చిన్నప్పుడే ఈ షెడ్డులో చేరి వెల్డింగ్ నేర్చి మేస్త్రి అయ్యాడు. అందరూ మేస్త్రి సాబు అనేవాళ్లు. మాది ఒకే బస్సు కాబట్టి బస్సులో నన్ను ‘అప్పా’ అనేవాడు. షెడ్డు గేటు దాటగానే ‘సార్’ అయిపోయేవాణ్ని.

నాకిచ్చిన కుర్చీ గ్రైండింగ్ మిషన్ పక్కన వేశారు. చెవులు పోయేవి. రాసి ఇచ్చాను. ఫ్యాను నా వైపు తిరిగేది కాదు. రాసి ఇచ్చాను. ఉగాదికి ఓనరు మిఠాయి డబ్బా పంపిస్తే, తనిఖీ చేసేవాడికి మిఠాయి ఇవ్వడం నియమానికి విరుద్ధమని తిప్పి పంపి, మా ఆఫీసుకు ఆ సంగతీ రాశాను. ఓనరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మేస్త్రితో నాకు వినబడేలా అన్నాడు, “ఈ సారుకు జ్వరమొచ్చినా థర్మామీటరు మీద కంప్లయింట్ రాస్తాడప్పా.”

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. అది కూడా గుర్తే.

ఇక్కడ పని గురించి కొంచెం చెప్పాలి. ఫ్రేముల అతుకులు బోల్టులతో బిగిస్తాం. బోల్టు పలకను అదిమి పట్టాలి, అదిమినందువల్ల పలక పలకను పట్టుకోవాలి. నేల ఊగినప్పుడు ఆ పట్టు జారకూడదు. అందుకని పలకలు ఒకదానికొకటి ఆనే చోట ఉక్కు రవ్వలను గాలితో కొట్టించి గరుకు పెడతాం. అది మెరవకూడదు. ఎండిన సిమెంటు లాగా ఉండాలి. అక్కడ రంగు పడకూడదు, నూనె పడకూడదు. నూనె చేత్తో చెంబు పట్టుకున్నవాళ్లెవరికైనా కారణం తెలుస్తుంది. ఫ్రేము మొత్తానికి రంగు వేసినా ఆ ముఖాలను కాగితం అంటించి కాపాడతాం.

ఆ పనితో పాటు శాంపిల్ పలకలు కొన్ని ఉంటాయి. అదే ఇనుము, అదే రోజు, అదే గరుకు. ఫ్రేములకు ఏం జరిగితే వాటికీ అదే జరగాలి. చివర్లో ఆ శాంపిళ్లను బోల్టులతో బిగించి, జాకీతో లాగి, ఎంత బలానికి జారాయో చూస్తాం. ఫ్రేములను విరగ్గొట్టి చూడలేం కదా. శాంపిల్ చెప్పిందే ఫ్రేము కూడా చెబుతుందని నమ్ముతాం. మన పనంతా ఆ నమ్మకం మీద నడుస్తుంది.

దసరా వచ్చేసరికి ఫ్రేములన్నీ పూర్తయ్యాయి. పండగ తర్వాత భద్రతా విభాగం నుంచి తుది తనిఖీకి వస్తారని కబురు వచ్చింది. ఆయుధపూజకు ఓనరు వర్క్‌షాపు వాళ్లందరి కుటుంబాలనూ, ఇనుము తెచ్చే లారీల వాళ్లనూ, ఎదురుగా టీ అమ్మే మనిషినీ పిలిచాడు. నన్ను పిలవలేదు. మిఠాయి తిప్పి పంపినవాణ్ని పిలిస్తే గుమ్మడికాయ మీద కూడా రాస్తాడని భయపడి ఉంటాడు. ఆ మాట నా ముందు అనుంటే సరిపోయేది.

నేను ధర్మవరం వెళ్లిపోయాను. మా తమ్ముడు నేతగాడు. ఇంట్లో మగ్గానికి పూజ. మగ్గం కొయ్యలకు పసుపు పూశాడు, పూలదండ వేశాడు, కొబ్బరికాయ కొట్టాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. దాని మీద తెల్ల గుడ్డ కప్పి, అంచులు దోపి, అప్పుడు కుంకుమ గిన్నె చేతికి తీసుకున్నాడు. మా నాయన కూడా అట్లాగే చేసేవాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి ఆ రోజు దాన్ని నేను ప్రత్యేకంగా గమనించలేదు.

సెలవు అయిపోయి షెడ్డుకు వచ్చాను. యంత్రాలన్నీ కొత్త వెండి రంగులో ధగధగలాడుతున్నాయి. గేటు దగ్గర పగిలిన గుమ్మడికాయల ఎర్రటి మరక ఇంకా ఉంది. ఫ్రేముల దగ్గరికి వెళ్లాను. కాగితాలు కొత్తవి అంటించి ఉన్నాయి. నేను వెళ్లేటప్పుడు అంటించి ఉన్నవి గోధుమ రంగువి, ఇవి తెల్లవి. ఒకటి విప్పి చూశాను.

పలక మెరుస్తోంది.

ఎండిన సిమెంటు లాగా ఉండాల్సింది గిన్నె తోమినట్టు మెరుస్తోంది. బోల్టు రంధ్రం అంచున గోటితో గీకితే వెండి రంగు పొలుసు వచ్చింది. దాని కింద ఎర్రగా ఒక చుక్క. వాసన చూశాను. కుంకుమ.

ఆ సాయంత్రం బస్సులో మేస్త్రి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మామూలుగా వెనక సీట్లో కునుకు తీసే మనిషి. బస్సు ఊరు దాటింది.

“చూసినావు గదప్పా” అన్నాడు.

“చూశాను.”

“నేను మిషన్లకు రంగు కొట్టండని చెప్పినా. పిల్లోళ్లు ఫ్రేములకు గూడా కొట్టినారు. దేవుని ముందర ఇనుము బోసిగా ఉంటే బాగుండదని కాగితాలు పీకి, ఆడ గూడా వెండి పూసి, బొట్లు పెట్టినారు. వాళ్లకు భక్తి ఎక్కువైపాయ. నేను కొబ్బరికాయలు తెచ్చేదానికి పోయింటి. వచ్చి చూసేతలికి హారతి ఇస్తాండారు. హారతి ఆపి తుడవండ్రా అని చెప్పేదానికి నాకు నోరు రాలే. సాయిబు పూజ ఆపినాడు అంటారు గదా.”

“తర్వాత?”

“తర్వాత థిన్నరు పోసి, వైరు బ్రష్షు మిషను పెట్టి తోమినాం. ఒగ చుక్క లేకుండా తోమినాం.”

“అదే తప్పు. తోమితే గరుకు పోయింది. మళ్లీ రవ్వలు కొట్టించాలి.”

“ఆ రవ్వల మిషను బాడుగది అప్పా, ఎనక్కి పంపించేసినాం. మళ్లా తెప్పించల్ల. ఓనరు ఊరుకుంటాడా? అన్నిటికీ నేనే బాధ్యుణ్ని అంటాడు. ఈ వయసులో పంపించేస్తే యాడికి పోవల్ల నేను? ఇంగో షెడ్డులో హెల్పరుగా చేరల్లనా? ఈ ఒక్కసారికి నన్ను చూసి వదిలెయ్యప్పా.”

వదిలేయలేనని చెప్పాను. ఆయన మళ్లీ అడగలేదు. పెనుకొండలో దిగి ఎవరి దారిన వాళ్లం పోయాం.

మర్నాడు ఓనరు గదికి వెళ్లి ఫ్రేములన్నిటికీ మళ్లీ గరుకు పెట్టాలని చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

“అర్థమైంది సార్. పూజకు పిలవలేదని కోపం.”

“దానికీ దీనికీ సంబంధం లేదు.”

“పిలవకపోయింది తప్పే. ఇప్పుడు పిలుస్తాండా. రేపు కావాలంటే ఇంగోసారి గుమ్మడికాయ కొడతాం, మీ చేత్తోనే కొట్టండి. దీనికి ఫ్రేముల మీద పడతారేంది సార్?”

“మా ఇంట్లోనూ ఆయుధపూజ చేస్తాం. మగ్గానికి కుంకుమ పెడతాం, నేసే పట్టు మీద పెట్టం” అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చాకే, మా తమ్ముడు కప్పిన తెల్ల గుడ్డ కళ్ల ముందు కనిపించింది.

“ఆ ముఖాల మీద రంగే పడలేదు సార్” అన్నాడు ఓనరు. “మిషన్లకు కొట్టేటప్పుడు ఒక తుంపర ఎగిరి పడిందేమో. అంతే.”

మా పెద్ద ఇంజనీరుకు ఫోన్ చేశాను. అంతా విని ఆయన అన్నది ఇంకా చెవిలో ఉంది. “మీ ఫిర్యాదులతో నా బీరువాలో ఒక అర నిండిపోయింది. ఫ్యాను, కుర్చీ, మిఠాయి. ఇప్పుడు కుంకుమ. శాంపిల్ పరీక్ష ఉంది కదా, అది చెబుతుంది. మీరు చెప్పక్కర్లేదు.”

ఇక్కడ ఆగి మీకో మాట చెప్పాలి. మీకు సలహాలిచ్చే పెద్దలు, చిన్న విషయాలకు గొడవ పడొద్దు, పెద్ద విషయం వచ్చినప్పుడు నీ మాటకు విలువ ఉంటుంది అంటారు. ఆ రోజుల్లో మా ఆవిడ కూడా అదే అంది. నాకు అది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఫ్యాను తిరగలేదన్నది నిజం. చెవులు పోయేవన్నది నిజం. పప్పులో రాళ్లున్నదీ నిజమే. చిన్న నిజాలు చెప్పినందుకు పెద్ద నిజం నమ్మం అంటే, ఆ లోపం చెప్పినవాడిది ఎట్లా అవుతుంది? ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. పూజకు పిలిచి, పక్కన నిలబెట్టి, నా చేతికి హారతి పళ్లెం ఇచ్చి ఉంటే ఆ కాగితం రంగు మారిందని అంత త్వరగా చూసేవాణ్నా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. చూసేవాణ్ననే అనుకుంటాను. మనసు కుదుటపడి ఉన్నవాడి కన్ను మాత్రం అంత చురుగ్గా ఉండదు. అది నేను ఈ ఉద్యోగంలో నేర్చుకున్నదే.

తనిఖీ రోజు వచ్చింది. భద్రతా విభాగం నుంచి ఒక మేడం వచ్చింది. కోస్తా వైపు మనిషి, నలభై లోపు ఉంటుంది. ఆమెతో మా పెద్ద ఇంజనీరు కూడా దిగాడు. ఆమెకు కొబ్బరినీళ్లు ఇచ్చారు, ఆయనకు ఇచ్చారు, కారు డ్రైవరుకు కూడా ఇచ్చారు. నాకు ఇవ్వలేదు.

కొలతలు, వెల్డింగులు చూసుకుంటూ మధ్యాహ్నానికి అతుకుల దగ్గరికి వచ్చాం. నేను నా అభ్యంతరం చెప్పాను. పలకలు మెరుస్తున్నాయని, రంధ్రాల అంచున రంగు దొరికిందని చెప్పాను. బస్సులో విన్నది చెప్పలేదు. తనిఖీ మనిషి తన కన్ను చూసింది చెప్పాలి. ఇంకో మనిషి తన బతుకు గురించి అడుక్కుంటూ చెప్పిన మాటను సాక్ష్యంగా వాడకూడదు. ఇది ఏ నియమాల పుస్తకంలోనూ లేదు, నాకు నేను పెట్టుకున్నది.

“ఆయనకు ప్రతిదీ అభ్యంతరమే మేడం. శాంపిల్ లాగి చూస్తే తేలిపోతుంది” అన్నాడు పెద్ద ఇంజనీరు.

స్టోరు గదిలోంచి శాంపిల్ పలకలు తెచ్చారు. మేస్త్రే స్వయంగా బోల్టులు బిగించాడు. జాకీ కొట్టడం మొదలుపెట్టారు. బలం చూపే మీటరు ముల్లు ఎక్కుతోంది. కావాల్సిన బలం దగ్గరికి వచ్చింది, దాటింది, ఇంకా ఎక్కింది. పలక జారలేదు. చాలా పైకి వెళ్లాక గానీ కదల్లేదు.

షెడ్డు అంతా ఊపిరి వదిలింది. ఓనరు చేతులు దులుపుకున్నాడు.

“ఇంగేమి సార్” అన్నాడు నాతో, “మీ కుంకుమ బాగా పట్టుకున్నట్టుండాదే! ఇంగ అన్ని బోల్టులకూ పూసి పంపిద్దామా?”

గొల్లుమన్నారు. పెద్ద ఇంజనీరు జేబురుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. షెడ్డులో పని చేసే ప్రతి మనిషీ, పూజలో రంగు పూసినవాళ్లు కూడా, నవ్వారు. నేను శాంపిల్ పలకల దగ్గరికి వెళ్లి రంధ్రాలు చూశాను. గీకాను. ఏమీ లేదు. వెండి లేదు, ఎరుపు లేదు, మెరుపు కూడా లేదు. ఎండిన సిమెంటు.

“ఈ పలకలు వేరు. వీటిని తోమలేదు” అన్నాను.

“దేన్నీ తోమలేదు. అదే గదా చెప్తాండేది” అన్నాడు ఓనరు.

మేడం నవ్వలేదు. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎవరినీ ఏమీ అనకుండా, చేతులు తుడుచుకుంటున్న మేస్త్రి వైపు తిరిగింది.

“మేస్త్రి గారూ, బోల్టులు బిగించింది మీరే కదా. ఈ శాంపిళ్లకు జరిగిందీ ఫ్రేములకు జరిగిందీ ఒకటేనా?”

ఆయన చేతిలో నూలు పీచు ఉంది. దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చాడు. ఓనరు ఆయన్నే చూస్తున్నాడు. నేను ఫ్రేము వైపు చూశాను, ఆయన వైపు చూడలేకపోయాను. ఆయన ఔనంటే నా మాట అక్కడితో పోయినట్టే. కాదంటే ఆయన ఉద్యోగం పోతుంది. అది షెడ్డులో మా ముగ్గురికీ తెలుసు.

“శాంపిల్ పలకల్ని పూజలో పెట్టిండ్లేదు మేడం” అన్నాడు.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. నవ్వబోయినవాళ్లు కూడా ఆగిపోయారు.

“అవి స్టోరు గదిలో ఉన్నెయ్యి. తీసుకొచ్చి దేవుని ముందర పెట్టల్ల అని ఎవురికీ గుర్తు రాలే. పెట్టింటే వాటికీ రంగు కొట్టిందురు. మిగతా అన్నిటికీ కొట్టినారు. తర్వాత నేనే నిలబడి తోమించినా. సారు చెప్పేది నిజమే.”

మేడం ఆయన్ను ఇంకేమీ అడగలేదు. ఫ్రేముల అతుకులకు వేసే పలకలు, పూజలో పెట్టినవి, కొన్ని తెప్పించింది. వాటినీ మేస్త్రి చేతే అంతే గట్టిగా బిగించమంది. జాకీ కొట్టారు. ముల్లు కావాల్సిన బలానికి ఇంకా చాలా దూరంలో ఉండగానే లోపల ‘టక్’మని చప్పుడైంది. ముల్లు వెనక్కి పడింది. మళ్లీ కొట్టమంది. మళ్లీ టక్.

అన్ని ఫ్రేములకూ మళ్లీ గరుకు పెట్టాలని రాసి మేడం సంతకం చేసింది. పెద్ద ఇంజనీరు తన నివేదికలో ‘నా సూచన మేరకు అదనపు పరీక్ష జరిపించగా’ అని రాసుకున్నాడు. నా ప్రస్తావన ‘స్థానిక సిబ్బంది సహకరించారు’ అన్న చోట ఉండి ఉంటుంది.

వాళ్ల కారు ఇంకా గేటు దాటకముందే ఓనరు మేస్త్రి దగ్గరికి వెళ్లాడు.

“రేపట్నించి రావొద్దు.”

మేస్త్రి తలూపాడు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు.

నేను వెళ్లి ఓనరుకు చెప్పాను. పని విధానం మా ఆఫీసు ఆమోదించింది. అందులో ఈ పనికి మేస్త్రిగా ఎవరుంటారో కూడా ఆమోదించింది. మనిషి మారితే కొత్త మనిషి అనుభవం చూపించి మళ్లీ ఆమోదం తీసుకోవాలి. అది వచ్చేదాకా రవ్వల మిషను తిప్పనివ్వను.

“ఎన్నాళ్లు పడుతుంది?”

“మా ఆఫీసు సంగతి మీకు తెలుసు. నా ఫ్యాను కాగితానికి ఇంకా జవాబు రాలేదు.”

“మీరు బెదిరిస్తాండారా సార్?”

“చదివి వినిపిస్తున్నాను.”

ఓనరు గేటు దగ్గరికి పరుగెత్తి కారు ఆపించి మేడంనే అడిగాడు. ఆమె అద్దం దించి, నేను చెప్పింది సరైనదేనని చెప్పి, అద్దం ఎత్తుకుంది. అట్లా ఆ పని అయ్యేవరకు మేస్త్రి మేస్త్రిగానే ఉండాల్సి వచ్చింది. నేను దయతో చేశానని చాలామంది అనుకున్నారు. నియమం అది. ఆయన మనసులో ఏముందో నేను అడగలేదు, నియమానికి అది అక్కర్లేదు.

మేస్త్రి నాకు కృతజ్ఞత చెబుతాడని అనుకున్నానంటే అబద్ధం కాదు. చెప్పలేదు. చెప్పకపోగా మాట్లాడటం మానేశాడు. బస్సులో వెనక సీట్లోకి వెళ్లిపోయాడు. షెడ్డులో నేను దగ్గరికి వెళితే, గరుకు పెట్టిన ముఖం చూపించి పక్కకు తప్పుకునేవాడు. పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేశాడు. కాగితం అంటించేటప్పుడు ఎవరినీ ముట్టనివ్వలేదు, తనే అంటించాడు. ఈసారి శాంపిళ్లను ఫ్రేములకే తీగతో కట్టించాడు, ఎక్కడికి పోయినా కలిసి పోవాలని. మేడం మళ్లీ వచ్చి లాగి చూసింది. రెండూ ఒకే మాట చెప్పాయి.

ఈ పనిలో పిల్లలు ముందుగా తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మనం సరిగ్గా చేశామని ఎవరూ వచ్చి చెప్పరు. ఆ రియాక్టర్ ఉన్నచోట నేల ఇంతవరకు ఊగలేదు. ఊగకూడదు కూడా. ఊగనంత కాలం, తోమిన పలకలు బిగించి పంపినా ఎవరికీ తేడా తెలిసేది కాదు. ఓనరు ఆ మాటే చాలాసార్లు అన్నాడు. ఆయన లెక్క తప్పని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. పొద్దున లేచి పనికి పోవడానికి ఆ నిరూపణ లేకపోయినా సరిపోయేలా మన మనసును తయారు చేసుకోవాలి. నాకు అది చేతనైంది. మెచ్చుకోలు లేకుండా బతకడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు.

ఫ్రేములు లారీలకు ఎక్కించిన రోజు, చివరి లారీ మధ్యాహ్నం బయలుదేరింది. మేస్త్రి తువ్వాలు, టిఫిన్ క్యారియరు తీసుకుని దాని ముందు భాగంలో ఎక్కాడు. లారీ పెనుకొండ మీదుగానే పోతుంది. నేను బస్టాండుకు నడుస్తుంటే పక్కన ఆపించాడు.

“ఎక్కుతావా, నిలబడి చూస్తాంటావా?”

ఎక్కాను. డ్రైవరుకూ నాకూ మధ్య ఆయన. వెనక ఇనుము అప్పుడప్పుడు మూలుగుతోంది.

“ఇంగ ఆ షెడ్డుకు పోను” అన్నాడు. “ఓనరుకు చెప్పేసి వచ్చినా. పెనుకొండలో రోడ్డు మీదనే చిన్న అంగడి తీసుకుంటాండా. గేట్లు, కిటికీలు చేసుకుంటా.”

నాకు కోపం వచ్చింది. “మరి నేను అంత గొడవ పడింది దేనికి? ఓనరు నన్ను ఎన్ని మాటలన్నాడో తెలుసా? వదిలేసి పోయేవాడివి ఆ రోజే పోవాల్సింది.”

“ఎవరడిగినారు నిన్ను గొడవ పడమని? నేనడిగితినా?”

“అడగలేదు.”

“మరి? నేను అడిగినప్పుడు వినలేదు, అడగనప్పుడు మీదేసుకున్నావు. నువ్వు నీ లెక్క ప్రకారం చేసినావు.”

“నువ్వు మాత్రం ఆ రోజు నిజం ఎందుకు చెప్పావు? ఔనంటే సరిపోయేది కదా.”

“నీకోసం చెప్పినానని అనుకోవద్దు” అన్నాడు వెంటనే. “రంగు పూసినోళ్లు గూడా నిన్ను చూసి నవ్వుతాండిరి. వాళ్లకు పని నేర్పిచ్చినోణ్ని నేను. నాకు సిగ్గేసింది.”

పెనుకొండ కొండ కనబడుతోంది. ఆయన టిఫిన్ క్యారియరును ఒడిలో సర్దుకున్నాడు.

“ఆ రోజే పోయింటే” అన్నాడు, “పని చెడగొట్టినాడని పంపించేసిరి అని ఊరంతా అనేది. ఇప్పుడు పని బాగా చేసి, నేనే వద్దని వచ్చినా. ఆ మిగిలిన రోజులు నాకు కావల్సిందే. వాటిని నువ్వు ఇప్పించినావు. కానీ నా చేత మేలు చేసినావని అనిపిచ్చుకోవల్లని చూడొద్దు.”

“నేనేమీ చూడటం లేదు” అన్నాను.

“చూస్తాండావు” అన్నాడు.

పెనుకొండలో లారీ ఆగింది. ఆయన నన్ను దాటుకుని ముందు దిగాడు. దిగి, తువ్వాలు భుజాన వేసుకుని, ఇంటి వైపు నడిచాడు. నేను దిగేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉంది, మోకాలు పట్టేసింది. ఒక చెయ్యి అందించి ఉండొచ్చు. అందించలేదు. నేను పట్టుకుని దిగాల్సింది లారీ తలుపే అయింది. తర్వాత ఆయన అంగడిలో మా ఇంటి గేటు చేయించుకున్నాను, ఇంకా చెక్కుచెదరలేదు. అయినా ఆ రోజు చెయ్యి ఇవ్వలేదన్నది నాకు గుర్తే.